ఏరు పొంగక ముందే ఊరు కదలాలి

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం రాసివ్వమని సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు, అందరికీ తోచేదే నాకూ తోచింది. బేతవోలు జగ్గయ్యపేట అయిన వైనం, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తండ్రి పేరు నిలబెట్టిన తీరు, ధనబోడు మీది బౌద్ధ స్తూపం, వేదాద్రి నరసింహస్వామి. వీటి మీద నాకంటే బాగా తెలిసినవారు ఇదివరకే రాసి ఉన్నారు. రెవెన్యూ శాఖలో 1969 నుంచి 2006 వరకు ముప్పై ఏడేళ్లు పనిచేసినవాడిని. నాకు తెలిసిన చరిత్ర రాళ్ల మీద చెక్కినది కాదు, గోడల మీద బురద గీతగా మిగిలినది. ఆపద వచ్చినప్పుడు మన ఊళ్లు ఎలా ఖాళీ అయ్యాయి, ఎవరు చెబితే జనం కదిలారు, ఎవరు చెప్పినా ఎందుకు కదల్లేదు అన్నదే ఈ వ్యాసం. చదివేవారిలో చాలామంది ఇటువంటి డ్యూటీలు చేసినవారే కనుక తప్పులుంటే దిద్దగలరు.

మెట్ట ప్రాంతానికి వరదేమిటి?

మా చిన్నతనంలో తుపాను, వరద అంటే దివి, బందరు, కైకలూరు వాళ్ల బాధ. మనది మెట్ట. మన బాధ వాన రాకపోవడమే తప్ప ఎక్కువ రావడం కాదని పెద్దలు అనేవారు. కానీ పటం తీసి చూస్తే మన రెండు ఊళ్లకూ మూడు వైపుల నీళ్లే. దక్షిణాన కృష్ణ. ముక్త్యాల, వేదాద్రి, చందర్లపాడు మండలంలోని గుడిమెట్ల, కాసరబాద వంటివి దాని ఒడ్డు ఊళ్లు. పడమట పాలేరు, గరికపాడు దగ్గర హైదరాబాదు రోడ్డును దాటి కృష్ణలో పడుతుంది. ఇక మున్నేరు వరంగల్లు అడవుల నుంచి వచ్చి, ఖమ్మం పట్నాన్ని ఒరుసుకుని, లింగాల, పోలంపల్లి మీదుగా, పెనుగంచిప్రోలు తిరుపతమ్మవారి గుడి పక్కగా నందిగామ వైపు వస్తుంది. కీసర దగ్గర వైరా, కట్టలేరు నీళ్లు కూడా దానికి తోడవుతాయి.

ఈ నదుల స్వభావాలు వేరువేరు. కృష్ణ పెద్దది, దూరం నుంచి వస్తుంది. దాని మీద శ్రీశైలం, నాగార్జునసాగరం ఉన్నాయి. పైన ఎంత నీరు వదిలారో తెలిస్తే మన దగ్గరకు ఎప్పుడు వస్తుందో లెక్క కట్టవచ్చు. మున్నేరు, పాలేరు అలా కాదు. ఖమ్మం, వరంగల్లు వైపు రాత్రి కుంభవృష్టి కురిస్తే, మన దగ్గర చినుకు పడకపోయినా కొన్ని గంటల్లో ఏరు గట్టు దాటవచ్చు. కృష్ణ గడువు ఇస్తుంది, మున్నేరు ఇవ్వదు. ఈ తేడాను మర్చిపోయినప్పుడల్లా మనం నష్టపోయాము. ఊరు ఖాళీ చేయించే పని మొత్తం ఆ గడువును ఎలా వాడుకున్నామన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఆశ్రయం ఇవ్వడం నేర్చిన ఊళ్లు

నీటి కథ చెప్పేముందు మరొకటి చెప్పాలి. మన ప్రాంతం తరలింపు అంటే ఏమిటో మొదట తెలుసుకున్నది వరద వల్ల కాదు. 1947 ఆగస్టు నుంచి 1948 సెప్టెంబరు వరకు జగ్గయ్యపేట దేశం సరిహద్దు మీది ఊరు. దాటితే నైజాం. మునగాల పరగణా అప్పట్లో మన నందిగామ తాలూకాలోదే అయినా చుట్టూ నైజాం గ్రామాలే. ఇటు నందిగామ పక్కనే ఉన్న పరిటాల మాత్రం నైజాం పాలనలోది. సరిహద్దు అంత చిక్కుముడిగా ఉండేది. రజాకార్ల దౌర్జన్యాలు పెరిగాక అవతలి గ్రామాల నుంచి కుటుంబాలు కుటుంబాలే రాత్రికి రాత్రి ఇవతలికి వచ్చేశాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలి, 17న నిజాం లొంగిపోయే వరకు ఈ రాకపోకలు సాగాయి.

నేను అప్పటికి పసివాణ్ణి. మా ఇంట్లో పెద్దలు చెప్పిన మాటలే నాకు తెలుసు. బండ్లు వచ్చేది చీకటి పడ్డాకేనట. ముందు ఆడవాళ్లు, పిల్లలు, ధాన్యం మూటలు. మగవాళ్లు పశువులను తోలుకుని వెనుక. వచ్చినవారికి ఎవరి వసారాలో ఎందరు అన్నది పెద్దమనుషులు కూర్చుని పంచుకునేవారట. బంధువులున్నవారు బంధువుల ఇళ్లకు, లేనివారు సత్రాలకు, పశువుల కొట్టాలకు. మా నాయనమ్మ ఒక మాట పదే పదే అనేది: "వచ్చేవాళ్లకి దారి తెలియక్కర్లేదురా, వచ్చాక ఎక్కడ పడుకోవాలో తెలిస్తే చాలు."

ఉద్యోగంలో చేరిన తర్వాతే ఆ మాట విలువ నాకు తెలిసింది. ఊరు ఖాళీ చేయమని చెప్పడం సగం పని. ఎక్కడికి పోవాలో, అక్కడ పొయ్యి ఎవరు వెలిగిస్తారో చెప్పడం మిగతా సగం. ఆ రెండో సగం చెప్పకపోతే మొదటి సగాన్ని ఎవరూ వినరు.

1977: చేరని మాట

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన గురించి మన సభ్యులకు కొత్తగా చెప్పనక్కరలేదు. అధికార లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. ఇంకా ఎక్కువే అన్నవారున్నారు. అప్పుడు నేను నందిగామ తాలూకా ఆఫీసులో గుమాస్తాను. మెట్ట తాలూకాల నుంచి సిబ్బందిని పంపితే లారీలో బియ్యం బస్తాల మీద కూర్చుని అవనిగడ్డ వైపు వెళ్లిన జట్టులో నేనూ ఒకణ్ణి. అక్కడ చూసినవి రాయను. చూసినవారికి అక్కర లేదు, చూడనివారికి రాసి చూపించలేను.

ఒక్క సంగతి మాత్రం రాయాలి. హెచ్చరిక లేక ఆ ఘోరం జరిగిందని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం 1974 నుంచే ఉంది. రేడియోలో తుపాను వార్త చెప్పారు. కానీ తుపాను అంటే గాలి, వాన అనే జనం అనుకున్నారు. సముద్రమే లేచి ఊరి మీదికి వస్తుందని వాళ్ల ఊహకు అందలేదు. రేడియో ఉన్న ఇళ్లు తక్కువ. గాలి మొదలయ్యాక కరెంటు లేదు, రోడ్డు లేదు. హెచ్చరిక ఆఫీసు దాకా వచ్చి ఆగిపోయింది. గుడిసె దాకా నడిచి వెళ్లి, "లే, పద" అని చేయి పట్టి లేపే మనిషి లేకపోయాడు.

గుంజలకు కట్టేసిన పశువులు కట్టేసినట్టే చచ్చి ఉండడం ఆ వారం మేము ఎన్నో చోట్ల చూశాము. కట్టు విప్పి ఉంటే వాటిలో కొన్నయినా ఈది గట్టెక్కేవి. ఆ తర్వాత నేను చేసిన ప్రతి వరద డ్యూటీలోనూ మొదట చెప్పిన మాట "పశువుల తాళ్లు విప్పండి" అన్నదే.

మనకంటే ముందు ఈ పాఠం నేర్చినవారున్నారు. 1970 నవంబరులో, ఇప్పటి బంగ్లాదేశ్ తీరంలో వచ్చిన తుపానులో మూడు లక్షలకు తగ్గకుండా జనం పోయారని అంచనా. ఆ దేశం స్వతంత్రమయ్యాక రెడ్ క్రెసెంట్ సంస్థ, ప్రభుత్వం కలిసి ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలను తయారు చేశాయి. వాళ్ల చేతిలో ఉన్నవి మైకు, జెండా, సైరను. అంతకంటే ముఖ్యం, ఆ మైకు పట్టుకున్నవాడు ఆ ఊరివాడే. తర్వాతి కాలంలో అక్కడ తుపాను చావులు బాగా తగ్గడానికి కట్టిన రక్షిత భవనాలు ఎంత కారణమో, ఊరివాడి గొంతు అంత కారణం.

1990: జాబితా పట్టుకున్న చేయి

ఆ తర్వాత మన రాష్ట్రంలోనూ మార్పులు వచ్చాయి. తీరం వెంట తుపాను రక్షిత భవనాలు లేచాయి. ఇన్సాట్ ఉపగ్రహం నుంచి హెచ్చరిక వినిపించే పరికరాలు 1980లలో వచ్చాయి. పాలనలోనూ పెద్ద మార్పు జరిగింది. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఈ మార్పు మీద మనలో రెండు అభిప్రాయాలున్నాయి. వంశపారంపర్యపు పెత్తనం పోవడం మంచిదే. కానీ ఏ ఇంట్లో కుంటివాడున్నాడో, ఏ ఇంటి కోడలు నిండు గర్భిణో కరణానికీ, తలారికీ, వెట్టికీ నోటికి వచ్చు. ఆ లెక్క ఏ రికార్డులోనూ రాసి ఉండలేదు. మనిషి మారగానే ఆ లెక్క కూడా పోయింది. మరోవైపు మండలం రావడంతో అధికారి జనానికి దగ్గరయ్యాడు. జీపు గంటలో ఏ ఊరికైనా చేరగలిగింది.

1990 మే 9న మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే పెద్ద తుపాను తీరం దాటింది. గాలి తీవ్రతలో 1977కు తీసిపోనిది. ఈసారి తీర గ్రామాల నుంచి లక్షల మందిని ముందుగానే ఖాళీ చేయించారు. చనిపోయినవారు వెయ్యిలోపు. ఆ సంఖ్య కూడా చిన్నది కాదు, ఒక్కొక్కటీ ఒక ఇల్లు. కానీ పదివేలతో పోల్చి చూడండి. పన్నెండున్నర ఏళ్లలో సముద్రం మారలేదు, మనం మారాము.

అప్పుడు నేను డిప్యూటీ తాసిల్దారును. తుపానుకు రెండు రోజుల ముందు మెట్ట మండలాల నుంచి కొందరిని తీరానికి పంపితే, బందరు డివిజనులో ఒక ఊరు నా వంతు వచ్చింది. వెళ్లగానే ఊళ్లోని గ్రామ సేవకుణ్ణి కూర్చోబెట్టి ఒక తెల్లకాగితం మీద మూడు వరుసలు రాయించాను. నడవలేనివారు ఎవరు? వెళ్లనని మొండికేసేవారు ఎవరు? ఆ మొండివాళ్లు ఎవరి మాట వింటారు? ఈ మూడో వరుసే ముఖ్యం. ఆ కాగితం లేకుండా ఆర్టీసీ బస్సులు ఎన్ని తెచ్చి నిలబెట్టినా లాభం లేదు.

ఒక ముసలమ్మ కదలనంది. "ఈ ఇంట్లోకి నలభై ఏళ్లలో నీళ్లు రాలేదు నాయనా, ఇప్పుడెందుకొస్తాయి?" అంది. ఆమెకు ఉన్నదల్లా ఒక చూడి గేదె. దాన్ని వదిలి రాదు. తాసిల్దారు చెప్పారని, కలెక్టరుగారి ఉత్తర్వని నేను చెప్పినదేదీ ఆమె చెవికెక్కలేదు. చివరికి జాబితా మూడో వరుసలో ఉన్న పేరు, ఆమె వదినె వరసైనావిడ, వచ్చి కూర్చుంది. గేదెను రోడ్డు గట్టు మీద మా మరిదిగారి చింతతోపులో వదిలిస్తాను, పద అంది. అంతే. ముసలమ్మ లేచి మూట కట్టుకుంది. రెండు రోజుల తర్వాత ఆ ఇంటి మట్టిగోడలు లేవు. గేదె మాత్రం చింతతోపులోనే ఉంది.

కృష్ణమ్మ ఇచ్చిన గడువు

2009 అక్టోబరు మొదటి వారం. అప్పటికి నేను రిటైరై మూడేళ్లయి జగ్గయ్యపేటలో స్థిరపడ్డాను. కర్ణాటకలోనూ రాయలసీమలోనూ కురిసిన వానలకు తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరం మునిగింది. శ్రీశైలానికి వచ్చిన వరద ఇరవై ఐదు లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ డ్యాము కట్టాక అంత నీరు ఎన్నడూ చూడలేదు. ఆ నీరంతా మన వైపే రావాలి.

కర్నూలుకు దొరకనిది మనకు దొరికింది, కాలం. శ్రీశైలం, సాగరం జలాశయాలు వరదను వీలైనంత పట్టి ఉంచి, అంచెలంచెలుగా వదిలాయి. అక్టోబరు 5 నాటికి విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల 10 వేల క్యూసెక్కుల దాకా వెళ్లింది. బ్యారేజీ దగ్గర 3 లక్షల 97 వేలు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5 లక్షల 69 వేలు దాటితే రెండోది. అంటే వచ్చినది రెండో హెచ్చరికకు దాదాపు రెండింతలు. మధ్యలో దొరికిన మూడు రోజుల్లో ఒడ్డు గ్రామాలను ఖాళీ చేయించే పని జరిగింది. ట్రాక్టర్లు, బస్సులు, పాఠశాలల్లో వంటలు. మన మెట్ట ఊళ్లు 1948లో చేసిన పనే మళ్లీ చేశాయి. గట్టు మీది ఊళ్లు లోతట్టు ఊళ్లకు అన్నం పెట్టాయి.

నేను ఆ రోజుల్లో ఒక బడిలో పేర్లు రాసే పనికి కూర్చున్నాను. ఉద్యోగం లేకపోయినా చేతి రాత ఉంది కదా అని పాత సహోద్యోగి ఒకరు పిలిచారు. వచ్చినవారిని వరసగా రాసుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ రాత్రి పదింటికి ఒక తండ్రి వచ్చి "మా అబ్బాయి ఏ బడిలో ఉన్నాడండీ?" అని అడిగితే, ఆ పుస్తకమే జవాబు చెబుతుంది. జవాబు లేకపోతే ఆ తండ్రి తిరిగి నీళ్లలోకి వెళతాడు, వెతకడానికి.

కృష్ణ మీద మరో అనుభవం 2021 ఆగస్టు 5న. పులిచింతల ప్రాజెక్టు మన జగ్గయ్యపేటకు ఎగువనే ఉంది. 45.77 టీఎంసీల జలాశయం, 24 గేట్లు. ఆ తెల్లవారుజామున 16వ నంబరు గేటు ఊడి కొట్టుకుపోయింది. దాని స్థానంలో తాత్కాలిక గేటు అమర్చాలంటే నీటి మట్టం తగ్గించాలి, అందుకు పెద్దయెత్తున నీరు వదలాలి. అది ఆకాశం నుంచి పడిన వరద కాదు, మరమ్మతు కోసం మనుషులు వదిలిన వరద. ఒడ్డు గ్రామాలకు అప్రమత్తం చేస్తూ కబురు వెళ్లింది. వాన లేదు, ఎండ కాస్తోంది, అయినా ఏటి దగ్గరికి పోవద్దన్నారు. ఎండలో వరద మాట నమ్మడం కష్టం. నమ్మించడానికి మళ్లీ తెలిసిన గొంతే కావలసి వచ్చింది.

మున్నేరు ఇవ్వని గడువు

ఇక మన ఇంటి ముందు సంగతి. 2023 జులై 27న మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీదికి వచ్చింది. లారీలు, బస్సులు మైళ్ల పొడవున నిలిచిపోయాయి. ఏడాది తిరిగి నెల గడిచేసరికి, అంతకు మించినది వచ్చింది.

2024 ఆగస్టు 31, అదీ శనివారమే. పగలంతా, రాత్రంతా వాన. ఆదివారం సెప్టెంబరు 1 తెల్లవారేసరికి ఖమ్మంలో మున్నేరు ఇళ్లను ముంచింది. అక్కడి వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోతే, హర్యానా నుంచి పనికి వచ్చిన ఒక జేసీబీ డ్రైవరు తెగించి వెళ్లి వాళ్లను తీసుకువచ్చిన సంగతి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఇటు ఐతవరం దగ్గర మళ్లీ రహదారి మునిగింది. అటు గరికపాడు దగ్గర పాలేరు వరద వంతెన పక్క రోడ్డును కోసుకుపోయింది. అంటే నందిగామ, జగ్గయ్యపేట రెండూ రెండు వైపులా తెగిపోయాయి. బయటి నుంచి సాయం రావడానికి దారి లేదు. అటువంటి రోజున ఊరికి ఊరే దిక్కు. విజయవాడలో బుడమేరు నీరు సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచి, జనం మేడల మీద రోజుల తరబడి గడిపినదీ అప్పుడే. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరి 2009 నాటి రికార్డును కూడా దాటింది.

మా వీధి పల్లం. రాత్రి రెండు గంటలకు తలుపు తట్టారు. సచివాలయంలో పనిచేసే మా వీధి కుర్రవాడు. "తాతగారూ, లేవండి. మీరూ మామ్మగారూ ఎదురింటి మేడ మీదికి వచ్చేయండి. నీళ్లు వీధి మొదట్లోకి వచ్చాయి" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "ఈ ఇంట్లోకి నలభై ఏళ్లలో నీళ్లు రాలేదు బాబూ. పొద్దున చూద్దాంలే."

మా ఆవిడ వెనక నుంచి, "ఆ బందరు ముసలమ్మ కూడా ఇదే మాట అందని ఎన్నిసార్లు చెప్పారు మీరు? లేవండి" అంది. ముప్పై ఏడేళ్లు ఇతరులను లేపినవాణ్ణి, నన్ను లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది. జాబితాలో రెండో వరుస పేరు నాదే అయింది, మూడో వరుస పేరు మా ఆవిడది. సిగ్గుపడుతూ మెట్లెక్కాను. తెల్లవారేసరికి మా హాల్లో మోకాలి లోతు నీళ్లు. కింది అరలో పెట్టిన పి.పి.ఓ., సర్వీసు కాగితాలు, 1977లో అవనిగడ్డలో తీసిన ఒకే ఒక్క ఫోటో తడిసి ముద్దయ్యాయి. కాగితాలకు నకళ్లు తెచ్చుకున్నాను. ఫోటోకు నకలు లేదు. బీపీ మాత్రలు కూడా కిందే ఉండిపోతే, ఎదురింటి వారి అమ్మగారి మాత్రలు అవే రకం కావడం వల్ల రెండు రోజులు గడిచాయి.

ఆ రాత్రి నాకు తెలిసివచ్చినది ఇది. ముసలివాళ్లు కదలకపోవడం తెలివితక్కువతనం వల్ల కాదు. ఇంతకాలం బతికిన అనుభవమే "ఏమీ కాదు" అని చెబుతుంది. మన అనుభవం మనకు ధైర్యమిచ్చినట్టే మోసమూ చేస్తుంది. నలభై ఏళ్లలో రాలేదన్నది రేపు రాదనడానికి సాక్ష్యం కాదు.

మనం చేయదగినది

1977 నాటితో పోలిస్తే ఇవాళ హెచ్చరికలకు కొదవ లేదు. ఉపగ్రహాలున్నాయి, సెల్‌ఫోనుకు సందేశం వస్తుంది, 2006 నుంచి జాతీయ విపత్తు స్పందన దళం ఉంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. ఏభై ఇళ్లకొక వాలంటీరు చొప్పున వచ్చిన ఏర్పాటు 2024 తర్వాత కొనసాగలేదు. ఏర్పాట్లు వస్తుంటాయి, పోతుంటాయి. 1984లో కరణం వెళ్లినట్టే, ఎవరు వెళ్లినా ఆ ఇంటి లెక్క వారితోనే పోకూడదు. అది ఊళ్లోనే ఉండాలి. ఊళ్లో ఎప్పుడూ ఉండేది ఎవరు? పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఉండేది మనమే, పింఛనుదార్లం.

కనుక మన సభ్యులకు నా మనవి. ప్రతి వీధిలో ఒకరు ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. అందులో 1990లో నేను రాయించిన మూడు వరుసలే రాయండి. నడవలేనివారు, మొండికేసేవారు, వారు ఎవరి మాట వింటారో ఆ పేరు. నాలుగో వరుసగా, ఎవరు ఎవరి మేడ ఎక్కాలో రాయండి. ఆ మేడవారిని ముందే అడిగి ఉంచండి. అర్ధరాత్రి అడగడం కంటే పండగనాడు అడగడం తేలిక. ఒక నకలు సచివాలయంలో ఇవ్వండి.

రెండోది, నీటి గీత. 2024 వరద మీ గోడ మీద ఎంత ఎత్తుకు వచ్చిందో ఆ బురద గీత మీద రంగుతో గీసి, తేదీ వేయండి. ఇల్లు సున్నం వేసేటప్పుడు చెరిపేయవద్దు. రేపు మీ ఇల్లు కొనేవాడికీ, మీ మనవడికీ ఏ రికార్డు చెప్పలేని మాట ఆ గీత చెబుతుంది.

మూడోది, పైవారితో పరిచయం. 2014 నుంచి మున్నేరు ఒక రాష్ట్రంలో పొంగి మరో రాష్ట్రంలో ముంచుతోంది. అధికారులు మాట్లాడుకుంటారు, అది వారి పని. కానీ ఖమ్మంలో మనలాంటి విశ్రాంత ఉద్యోగులు ఎందరో ఉన్నారు. ఒకప్పుడు కలిసి పనిచేసినవారే. అక్కడ ఏరు ఎక్కుతుంటే ఒక్క ఫోను చేయమని అడగండి. ఆ ఒక్క ఫోను మనకు కొన్ని గంటలు ఇస్తుంది. మున్నేరు ఇవ్వని గడువు స్నేహితుడు ఇస్తాడు.

ఇంకా చిన్న చిన్న సంగతులున్నాయి. పి.పి.ఓ., ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, పది రోజుల మాత్రలు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి పై అరలో పెట్టండి. పారే నీరు చప్టా మీదికి వస్తే ఎంత తొందర పనైనా దాటవద్దు. పశువులుంటే తాళ్లు విప్పండి. 112, 1070 నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి, కళ్లజోడు లేకుండా కనిపించేలా. తిరిగి ఇంటికి వచ్చాక కరెంటు స్విచ్చి వేసేముందు ఎవరికైనా చూపించండి, బావి నీళ్లు మందు కలపకుండా తాగవద్దు. వరదలో బతికి, వరద తర్వాత పోయినవారిని నేను చూశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటేనని అంటారు. నేను చూసిన చరిత్ర పూర్తిగా అలా చెప్పడం లేదు. 1977లో చేతులు కాలాయి. 1990లో ఆకులు ముందే పట్టుకున్నాము. 2009లోనూ పట్టుకున్నాము. గడువు ఇచ్చిన నీటిని మనం గెలిచాము. గడువు ఇవ్వని నీటితోనే ఇంకా నేర్చుకోవలసి ఉంది.

మా వీధి పుస్తకం రాయడం మొదలుపెట్టాను. మొండికేసేవారి వరుసలో మొదటి పేరు నాదే రాసుకున్నాను.